కొలతగా పెట్టిన కత్తి

"కావాలంటే నన్ను తీసుకెళ్లు కుముదా, కత్తిని మాత్రం అడక్కు" అన్నాడు దివాకర్.

"మిమ్మల్ని మైక్రోస్కోపు కింద పెట్టలేనండీ. నాలుగు రోజులు. అంతే."

"నాలుగు రోజులు బెండకాయలు దేంతో తరగమంటావు? నీ ల్యాబులో రంపం పంపిస్తావా?"

దివాకర్ విశాఖపట్నంలో ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఇంట్లో వంట ఆయనదే. పెళ్లైన కొత్తలో కుముదిని పిహెచ్‌డీ పనిలో మునిగి ఉంటే వంటింట్లోకి అడుగుపెట్టాడు, మళ్లీ బయటికి రాలేదు. తరగడానికి ఆయనకు ఒకటే కత్తి. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. కుముదినికి కావలసింది సరిగ్గా అదే, ఒకే చెయ్యి తెలిసిన కత్తి.

ఆమె ఒక పరిశోధన సంస్థలో లోహాల శాస్త్రవేత్త. కంటికి సన్నని గీతలా కనిపించే కత్తి అంచు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కొండల వరసలా ఉంటుంది. కోసిన ప్రతిసారీ ఆ వరసలో ఎక్కడో ఒక రవ్వ వంగుతుంది, ఇంకెక్కడో ఒక రవ్వ రాలుతుంది. ఏది ముందు వంగింది, ఏది తర్వాత వంగింది అని విడదీయగలిగితే ఆ కత్తి పట్టుకున్న చెయ్యి కొన్ని నెలలుగా ఎలా కదిలిందో తెలిసిపోతుంది. ఆ విడదీసే పద్ధతిని కుముదిని కనిపెట్టింది.

దానివల్ల ఏం ఉపయోగమని అడిగినవాళ్లకు ఆమె దగ్గర జవాబు ఉంది. నరాలను తినేసే వణుకుడు జబ్బు బయటపడేసరికి లోపల సగం పైగా నష్టం జరిగిపోయి ఉంటుంది. ముందే పట్టుకుంటే దాన్ని అక్కడికక్కడ ఆపగల మందు ఆమధ్యే వచ్చింది. ఆలస్యమైతే ఆ మందు పనిచేయదు. వైద్యుల కంటే ఎన్నో ఏళ్ల ముందు కత్తి అంచు ఆ సంగతి చెప్పగలదని ఆమె నమ్మకం.

"అంటే చెయ్యి చూసి జాతకం చెప్పడమేగా" అన్నాడు దివాకర్ నవ్వుతూ. "హస్తరేఖ అని పేరు పెట్టు."

ఆ పేరే ఉండిపోయింది. నవ్విన తర్వాత కత్తి కూడా ఇచ్చాడు, పాత పంచె ముక్కలో చుట్టి.

తెర మీద ఆ అంచును మొదటిసారి చూసినప్పుడు కుముదిని కుర్చీలో వెనక్కి వాలి అలాగే ఉండిపోయింది. జబ్బు బాగా ముదిరినవాళ్ల ఇళ్లనుంచి తెచ్చిన కత్తులు అప్పటికే చాలా చూసింది. వాటి అంచులు తుపాను తర్వాత తోటల్లా ఉండేవి. దివాకర్ కత్తి అలా లేదు. ప్రతి వంపూ ఒకే కోణంలో, ఒకే లోతులో, దువ్వెనతో దువ్వినట్టు ఉంది. ఇంత నిలకడైన చెయ్యి ఉంటుందా అనుకుంది. గర్వంగా అనిపించింది. ఆరోగ్యంగా ఉన్న చేతికి అదే కొలత అని రాసుకుంది. ఒక చివర మొగుడి కత్తి, ఇంకో చివర రోగుల కత్తులు. మధ్యలో ఎవరి కత్తి ఎంత దూరంలో పడితే వాళ్లకు జబ్బు అంతవరకు వచ్చినట్టు.

ఆరోగ్యవంతుల కత్తులు ఇంకా కొన్ని చూడాలని అనుకోకపోలేదు. కానీ ఏ ఇంట్లో అడిగినా ఆ కత్తిని అత్తా కోడలూ పనిమనిషీ అందరూ వాడేవారే. ఈలోగా ఫ్యాక్టరీవాళ్లు పిలిచారు.

*

ఊరికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున చేపలు శుభ్రం చేసి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. కోత విభాగంలో ఉన్నవాళ్లంతా జాలరిపేటల ఆడవాళ్లు. ఎవరి కత్తి వాళ్లది, పిడి మీద ఎవరి నంబరు వాళ్లది. మేనేజరు కేశవరాజు కుముదినికి కాఫీ ఇప్పించి, తెల్ల టోపీ పెట్టించి, స్వయంగా లోపలికి తీసుకెళ్లాడు.

"మా వర్కర్ల ఆరోగ్యం మాకు ముఖ్యం మేడం. ఎవరికైనా జబ్బు మొదలైతే మందు మేమే ఇప్పిస్తాం" అన్నాడు.

కత్తులు ల్యాబుకు వచ్చాయి. చాలావాటిని హస్తరేఖ కొద్ది తేడాతో వదిలేసింది. తొమ్మిది కత్తులను మాత్రం రోగుల వైపు నెట్టింది. వాటి అంచులు ఒక్క తీరున లేవు. ఒకచోట వాలుగా, ఒకచోట నిటారుగా, ఒకచోట తేలిగ్గా తాకి వదిలేసినట్టు.

నంబర్లు చూసి కేశవరాజు ముఖం చిట్లించాడు. "వీళ్లంతా మా దగ్గర బాగా కోసేవాళ్లండీ. అందరికంటే స్పీడు."

కుముదిని ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణంలో ల్యాబుకు వెళ్లి మళ్లీ చూసుకుని ఉండాల్సింది. కానీ ఎదురుగా కేశవరాజూ, ఇంకో ఇద్దరు ఫ్యాక్టరీ పెద్దలూ జవాబు కోసం చూస్తున్నారు.

"ఎక్కువ పని చేసిన చేతికి నష్టం త్వరగా మొదలవుతుందేమో" అంది.

ఆ మాట అప్పటికప్పుడు పుట్టింది. దాని వెనక ఏ పరీక్షా లేదు. అయినా అందరూ తలలూపారు. తన గొంతులోని నమ్మకం విని తనకూ నమ్మకం కలిగింది. వాళ్లకు మందు మొదలుపెట్టి కత్తి పని కాకుండా ఇంకేదైనా ఇవ్వమని చెప్పి వచ్చేసింది. ఆ సంవత్సరం సంస్థలో ఆమెకు సన్మానం జరిగింది. శాలువా కప్పుకుని ఇంటికి వస్తే దివాకర్ పాయసం చేసి ఉంచాడు. అందులో ఏలకులు మరీ ఎక్కువయ్యాయి. అలసిపోయి ఏమరుపాటుగా వేశాడేమో అనుకుని మాట్లాడకుండా తాగేసింది.

*

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం ఉదయం గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. చామనఛాయ, గట్టి మనిషి. కుడిచెయ్యి పైటచెంగులో దాచుకుంది.

"మేడమంటే మీరేనా అమ్మా? నాను నూకరత్నాన్ని. ఫేట్రీలో సేపలు కోసీదాన్ని."

కుముదిని లోపలికి రమ్మంది. ఆమె వరండా మెట్టు మీదే కూర్చుంది.

"నా సెయ్యి పాడైపోతాదని మీ మిసను సెప్పిందంట కదా. ఆ మాటిని పన్లోంచి తీసీసినారు."

"తీసేశారా? మందు ఇవ్వలేదా?"

"మందేటి? కాయితం సేతిలో ఎట్టి, ఇంటికెల్లిపోమన్నారు. సర్లే అని మార్కెట్లో కూకుని సేపలు కోసినాను. ఆ మాట అక్కడికీ వచ్చీసింది. ఈ సేతికి రోగవంట, ఈ సేత్తో కోసింది తింటే మనకీ అంటుకుంటాదని ఒకత్తనీసింది. మరెవులూ నా కాడికి రానేదు." పైట తీసి చెయ్యి చూపించింది. "నానూ నమ్మనేదమ్మా మొదట్లో. రోజూ లేవగానే సెయ్యి సూసుకునేదాన్ని, వణుకుతాందేటని. సూసి సూసి... ఇదిగో ఇలగైపోయింది."

చెయ్యి వణుకుతోంది. గాలికి కొబ్బరాకు కొసలా, ఆగకుండా. బొటనవేలి మీద కోసుకున్న గాట్లు ఉన్నాయి.

కుముదిని ఆ చెయ్యిని చూసింది. జాలి కలిగింది. అయితే జాలికంటే ముందు ఇంకొకటి కలిగింది. సంతోషం. హస్తరేఖ చెప్పింది నిజమైందన్న సంతోషం. అది వచ్చి వెళ్లడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. కానీ వచ్చిందని ఆమెకు తెలుసు. తర్వాత ఎన్నో రోజులు ఏ పని చేస్తున్నా ఆ రెప్పపాటు గుర్తుకొచ్చేది.

ఆరోజు మాత్రం ఫ్యాక్టరీవాళ్లతో మాట్లాడతానని మాటిచ్చింది. దివాకర్ నూకరత్నానికి ఉప్మా పెట్టి టీ ఇచ్చాడు. ఎడమచేత్తో తింది ఆమె. ఎవరైనా చూస్తారేమోనని గోడవైపు తిరిగి తింది.

కేశవరాజు ఫోనులో మర్యాదగానే మాట్లాడాడు. "మీరే కదా మేడం కత్తి పని వద్దన్నారు. వేరే పని అంటే మా దగ్గర ఖాళీలు లేవు."

*

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు కుముదిని పెందలాడే ఇంటికి వచ్చేసరికి వీధి గుమ్మంలోనే మాడు వాసన కొట్టింది. వంటింట్లో పొగ. పొయ్యి మీద పోపు గరిటె నల్లగా కాలిపోయి ఉంది. దాని పక్కనే నిలబడి దివాకర్ తాపీగా కొత్తిమీర తరుగుతున్నాడు.

"ఏమండీ! మాడిపోతోంది!"

ఉలిక్కిపడి చూశాడు. పొయ్యి కట్టేశాడు. "వాసన రాలేదే" అన్నాడు.

"వీధిలోకి వస్తోందండీ."

ఆయన ఇంగువ డబ్బా తీసి మూత తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత డబ్బా కింద పెట్టి కొంచెం సిగ్గుపడుతున్నట్టు అన్నాడు. "చాలా రోజులుగా ఇంతే కుముదా. జలుబేమో అనుకున్నాను. ఎంత వెయ్యాలో చేతికి అలవాటు కదా, అలా గడిపేస్తున్నాను."

వాసన పోవడం ఏ జబ్బుకు తొలి గుర్తో కుముదినికి తెలుసు. ఆ జబ్బు గురించి ఆమె చదవని పుస్తకం లేదు. అయినా ఎదురుగా ఉన్న మనిషిని ఆ చదువుతో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. తరుగుతున్నప్పుడు మణికట్టు ఆడటం లేదు. మోచేయి నుంచి చెయ్యి మొత్తం ఒకే కొయ్యలా లేచి పడుతోంది. ఆ మధ్య పిల్లలు బోర్డు మీద అక్షరాలు చిన్నవైపోతున్నాయంటున్నారని ఆయన చెప్పి నవ్వాడు. నడుస్తున్నప్పుడు ఒక చెయ్యి ఊగదు. ఇవన్నీ రోజూ ఆమె కళ్ల ముందే ఉన్నాయి.

నరాల డాక్టరు నిరుపమ పరీక్షలన్నీ చేసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"వణుకు లేదుగా డాక్టర్" అంది కుముదిని. అడుగుతున్నట్టు లేదు ఆ గొంతు, బతిమాలుతున్నట్టు ఉంది.

"కొందరికి వణుకు ఆఖర్న వస్తుందండీ. ముందు కండరాలు బిగుసుకుపోతాయి. చెయ్యి చాలా నిలకడగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది కదలలేకపోవడం." ఆమె దివాకర్ వైపు తిరిగింది. "ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే ఆ కొత్త మందు పనిచేసేది సార్. ఇప్పుడు మిగతా మందులతో నెట్టుకురావాలి. భయపడకండి, చాలాకాలం బాగానే ఉంటారు."

ఆటోలో ఇంటికి వస్తుంటే సన్నగా జల్లు. దివాకర్ బయటికి చూస్తూనే అడిగాడు.

"కుముదా, నువ్వు కొలతగా పెట్టింది నా కత్తినే కదా?"

ఆమె తలూపింది. డాక్టరు నోట 'నిలకడగా' అన్న మాట విన్నప్పుడే ఆమెకు ఆ కత్తి గుర్తొచ్చింది.

"మరి ఆ ఆడవాళ్లు?" అన్నాడు ఆయన.

*

మర్నాడు కుముదిని సంస్థ క్యాంటీను వంటవాడి కత్తి తెచ్చింది. బట్టల దుకాణంలో కత్తెర తెచ్చింది. చెప్పులు కుట్టే ఆయన్ని బతిమాలి ఆయన తోలుకత్తి తెచ్చింది. అందరూ ఆరోగ్యవంతులే. అన్ని అంచులూ ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. బతికున్న మణికట్టు ప్రతి కోతకూ కొంచెం మారుతుంది. ఉల్లిపాయకు ఒకలా, గుమ్మడికాయకు ఇంకోలా తనను తాను సర్దుకుంటుంది. ఆ సర్దుబాటునే ఆమె జబ్బు అంది. సర్దుకోలేని చెయ్యిని ఆరోగ్యం అంది.

దాచి ఉంచిన నూకరత్నం కత్తిని చివరగా తెర మీద పెట్టింది. పెద్ద చేపకు వాలుగా దిగిన కోతలు, చిన్న చేపకు తేలిగ్గా జారిన కోతలు, ముల్లు తగలగానే తప్పుకున్న కోతలు. ఇంత నేర్పైన చెయ్యి ఆమె చూసిన కత్తులన్నిట్లో ఇంకొకటి లేదు. దాన్నే అందరికంటే ముందు రోగుల వైపు నెట్టింది.

దివాకర్ కత్తి అంచు ఫోటో ఏడాదికి పైగా ఈ బల్ల మీదే ఉంది. నిజం చెప్పే కత్తి. దాన్ని చూసి ఆమె గర్వపడింది.

సంస్థ డైరెక్టరు ఆమె చెప్పింది అంతా విని తలుపు వేయించాడు. పద్ధతిలో చిన్న సవరణ అని రాసి ఊరుకోమన్నాడు. ఆమె ఊరుకోలేదు. హస్తరేఖ ఇచ్చిన ఫలితాలన్నీ తప్పని, తప్పు తనదేనని పత్రికలకు రాసింది. పేపర్లో ఫోటో వేశారు. ప్రాజెక్టు మూతపడింది, ఆమెను ల్యాబు నుంచి పాఠాలు చెప్పే పనికి మార్చారు. ఫ్యాక్టరీ ముందు జాలరిపేటల వాళ్లు ధర్నా చేస్తే, తీసేసిన తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిని మళ్లీ పనిలోకి పిలిచారు.

తొమ్మిదో ఆమె సంగతి అడిగితే కేశవరాజు విసుక్కున్నాడు. "ఆవిడ చెయ్యి నిజంగానే వణుకుతోంది కదా మేడం. ఆ చేతికి కత్తి ఎలా ఇవ్వమంటారు?"

*

జాలరిపేటలో నూకరత్నం ఇల్లు ఇసుకలో ఉంది. వాకిట్లో ఆమె ఎడమచేత్తో ఎండుచేపలు తిరగేస్తోంది. కుముదిని ఇసుకలోనే కూర్చుంది. చెప్పాల్సింది దారంతా అనుకుంటూ వచ్చింది. అక్కడికి వచ్చాక ఒక్కటే మిగిలింది.

"రత్నమ్మా, నీ చేతికి జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. నేను తప్పు చెప్పాను."

నూకరత్నం తిరగేయడం ఆపింది. "లేకపోతే ఇదేటి మరి?" అని కుడిచెయ్యి చాచింది. అది వణుకుతూనే ఉంది.

"భయంవల్ల. నేను పెట్టిన భయంవల్ల."

"ఆయేల రోగముందన్నదీ మీరే. ఇయ్యాల నేదన్నదీ మీరే. నానేది నమ్మాలి సెప్పండి." ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "నా ఒంటి సంగతి నాకు తెలీదంటారు, మీకు తెలుస్తాదంటారు. సర్లే అని నమ్మితే సెయ్యి పోయింది. ఇప్పుడు నమ్మితే తిరిగొచ్చెత్తాదా?"

"తెలీదమ్మా" అంది కుముదిని. ఏడవకూడదు అనుకుంది. ఇక్కడ ఏడిస్తే ఓదార్చే పని కూడా ఈమె మీదే పడుతుంది. "డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తాను. మిషను లేదు, కత్తి లేదు. ఆవిడ చూసి చెప్తారు. మా ఆయన్నీ అక్కడికే తీసుకెళ్లాలి."

"మేస్టారికేటైంది?"

కుముదిని చెప్పింది. కత్తి సంగతితో సహా, ఏదీ మిగల్చకుండా. నూకరత్నం విన్నంతసేపూ ఇసుక వైపే చూసింది.

"ఉప్మా ఎట్టినారు నాకు" అంది. "జీడిపప్పేసి." తర్వాత లేచి చీర దులుపుకుంది. "ఎప్పుడెల్లాలి?"

*

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. ఒక చివర కుముదిని, మధ్యలో దివాకర్, ఆయన పక్కన నూకరత్నం. దివాకర్ రెండు చేతులూ ఒళ్లో కదలకుండా ఉన్నాయి. నూకరత్నం కుడిచెయ్యి పైటలోపల వణుకుతుంటే చీరంతా అదురుతోంది.

నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. ముగ్గుర్నీ ఒకసారి చూసి, కుర్చీ తీసుకెళ్లి నూకరత్నం ముందు పెట్టింది.

"రామ్మా, నెమ్మదిగా కూర్చో. సార్, మీరు బయటే ఉండండి. పేషెంటు ఒక్కరే రావాలి."

నూకరత్నం బెదిరిపోయి కుముదిని వైపు చూసింది.

"సిస్టర్" అంది కుముదిని. లేచి నిలబడింది. "ఈవిడకు జబ్బు లేదు. పేషెంటు ఆయన."

నర్సు ఆ చేతులూ ఈ చేతులూ చూసి నమ్మలేనట్టు ఆగిపోయింది. దివాకర్ చిన్నగా నవ్వాడు. "నేనేనమ్మా. కుర్చీ వద్దు, నడుస్తాను" అని లేవబోయాడు. ఒళ్లు ముందుకు వచ్చింది గానీ కాళ్లు మాట వినలేదు. మళ్లీ బెంచీ మీద పడ్డాడు. ఇంకోసారి ప్రయత్నించాడు.

కుముదిని కదిలేలోపే నూకరత్నం లేచి ఆయన మోచేయి కింద తన చెయ్యి వేసింది. కుడిచెయ్యి. తెడ్డు వేసినట్టు ఒడుపుగా, ఆయన బరువు మొత్తం దాని మీదకు తీసుకుని పైకి లేపింది.

"నా సెయ్యి గట్టిగా పట్టుకోండి మేస్టారూ. బేగి బేగి నడవొద్దు."

కుముదిని ఆ చెయ్యిని చూసింది. అది వణకడం లేదు.

చెప్పబోయి పెదవి కొరుక్కుంది. ఇంతకాలం ఎవరి చెయ్యి చూసినా ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేదు ఆమె. వాళ్లిద్దరూ ఒక్కో అడుగే వేసుకుంటూ డాక్టరు గది వైపు వెళ్తున్నారు. బెంచీ కింద దివాకర్ చెప్పులు ఉండిపోయాయి. కుముదిని వాటిని చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా వాళ్ల వెనకే నడిచింది.